తలుపు దగ్గర నేనడిగిన ఉత్తరం

రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి. సిడ్నీలో క్వేకర్స్ హిల్ స్టేషన్ నుంచి పన్నెండు నిమిషాలు నడిస్తే ఒక పాత ఇటుకల మందిరం, దాని పక్కన వంటగది, వెనక కార్లు ఆపుకునే జాగా ఉండేవి. అక్కడ నేను కేర్‌టేకర్‌ని. కేర్‌టేకర్ అంటే మనవాళ్ళు వాచ్‌మన్ అనుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా అలాగే అనుకుంటారు. తాళాలు, కరెంటు, కుర్చీలు, చూరు కాలవల్లో ఆకులు, పోస్టు డబ్బాలో ఉత్తరాలు, ఒక కట్టడానికి పడే అవసరాలన్నీ చూసేవాడు కేర్‌టేకర్. నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది రైల్లో జనం సీట్ల మీద వదిలేసిన పేపర్లు చదివి. అయినా ఆ మందిరంలో ఏ స్విచ్చు ఏ దీపానిదో ఇంజనీర్లకి తెలియదు, నాకు తెలుసు.

ఆదివారం పొద్దున తెల్లవాళ్ళ ఆరాధన. పదిహేను మంది ముసలివాళ్ళు. టీ, బిస్కెట్లు, పన్నెండున్నరకి ఇళ్ళకి. మందిరం వాళ్ళది. మధ్యాహ్నం రెండింటి నుంచి మన తెలుగు సంఘం అద్దెకి తీసుకునేది. ఈ రెంటికీ మధ్య ఉన్న గంటన్నరని మా పనిలో టర్నరౌండ్ అంటారు. ఒకరి మందిరాన్ని ఇంకొకరి మందిరంగా మార్చడమన్నమాట. వాళ్ళకి కుర్చీలు అర్ధచంద్రంలా ఉండాలి. మనకి తిన్నగా వరుసలు, మధ్యలో నడవ, ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. వాళ్ళు బూట్లతో వస్తారు. మనకి గుమ్మంలో చెప్పుల స్టాండు కావాలి. వాళ్ళ అర్న్, అంటే కింద కుళాయి ఉండే నీళ్ళు కాచే పెద్ద స్టీలు పాత్ర, దాన్ని దాచెయ్యాలి. ఎందుకంటే ఒకసారి మన ఆంటీ ఒకావిడ అందులోనే పాలు, టీపొడి, అల్లం వేసి కాచింది. దాన్ని మూడు వారాలు తోమాను. అల్లం వాసన వస్తోందని, నేను ఆ ఉద్యోగం మానేసేదాకా వాళ్ళు అంటూనే ఉన్నారు.

నా పేరు మా సంఘానికొచ్చే పిల్లలకెవరికీ తెలియదు. అందరికీ తాళాల అంకుల్‌ని. నా భార్య మేరీ నర్సు. ఆమె ఉద్యోగం మీదే ఈ దేశం వచ్చాం. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు. అప్పటి నుంచి నేను వరుసలో కూర్చోవడం మానేసి, వెనక గోడ దగ్గర స్విచ్చుల పెట్టె పక్కన నిలబడేవాణ్ణి. పనుంటుందని చెప్పేవాణ్ణి. పనేమీ ఉండేది కాదు. పక్క కుర్చీ ఖాళీగా కనబడకుండా ఉండటానికి నిలబడేవాణ్ణి.

ఆ ఫిబ్రవరి ఎండలో, రెండింటికి పది నిమిషాలుందనగా, ఒక అమ్మాయి గుమ్మం ముందుకొచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళుంటాయి. నల్ల ప్యాంటు, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్ళు వేసుకునే నల్ల బూట్లు. ఛాతీ మీద పేరు బిళ్ళ తియ్యడం మర్చిపోయింది. కెజియా అని ఉంది. చున్నీ తల మీదికి లాక్కుని అంది.

"వందనాలు అంకుల్. తెలుగు ఆరాధన ఇక్కడేనా?"

"వందనాలమ్మా. ఇక్కడే. స్టూడెంటువా?"

"అవును అంకుల్. నర్సింగ్. వచ్చి నెల దాటింది. పొద్దున షిఫ్ట్ నుంచి డైరెక్ట్‌గా వచ్చేశాను."

లోపలికెళితే మనవాళ్ళు ఏం అడుగుతారో నాకు తెలుసు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారి నాన్నగారు ఏం చేసేవారు. సముద్రాలు దాటి వచ్చి కూడా ఆ మూడు ప్రశ్నలతో కులం తవ్వుకునే మహానుభావుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను అలాంటివి అడగను. నేను అడిగింది వేరు.

"సిఫారసు ఉత్తరం తెచ్చావా అమ్మా?"

"ఏం ఉత్తరం అంకుల్?"

ఇక్కడ తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మా సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. బల్ల అంటాం. బాప్తిస్మం పొంది, సహవాసంలో ఉన్నవాళ్ళే దాన్ని తీసుకుంటారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారితే, ఈ సహోదరుడికో సహోదరికో మా దగ్గర బల్లలో పాలుంది, చేర్చుకోండి అని పాత ఊరి పెద్దలు సంతకాలు పెట్టి ఉత్తరం ఇస్తారు. అది లేనివాళ్ళు వెనక కూర్చుంటారు. రొట్టె పళ్ళెం వచ్చినప్పుడు తల దించుకుంటారు. పళ్ళెం పట్టుకొచ్చే సహోదరుడు అర్థం చేసుకుని దాటి వెళ్ళిపోతాడు.

నేనూ మేరీ ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు మాకిది తెలియక, వేరే హాల్లో ముందు వరుసలో కూర్చున్నాం. పళ్ళెం మా దగ్గరకొచ్చాక ఒక పెద్దాయన లేచి, అందరూ చూస్తుండగా, "మీ ఉత్తరమేదండీ?" అని అడిగాడు. మేరీ చెయ్యి అప్పటికే రొట్టె దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. మా ఉత్తరం వచ్చేదాకా ఐదు ఆదివారాలు వెనక కూర్చున్నాం. ఆ చెయ్యి వెనక్కి రావడం నేను మర్చిపోలేదు. ఆ పెద్దాయన చొక్కా రంగు కూడా చెప్పగలను.

అందుకని కెజియాకి నేనే ముందుగా చెప్పాను. "బాప్తిస్మం అయిందా?"

"ఇంటర్ అయ్యాక అయింది అంకుల్."

"అయినా ఉత్తరం కావాలి. ఇంటికి ఫోన్ చేసి తెప్పించుకో. అది వచ్చేదాకా వెనక వరుసలో కూర్చో. పళ్ళెం వస్తే తల దించుకో, వాళ్ళే దాటిపోతారు. అందరి ముందూ అడిగించుకుంటే నీకే నామోషీ."

"థాంక్స్ అంకుల్. ముందే చెప్పారు," అని బూట్లు విప్పి, స్టాండులో చివరి అరలో పెట్టి, వెనక వరుసలో చివరి కుర్చీలో కూర్చుంది.

ఆ కుర్చీ సరిగ్గా నా ముందుండేది. బల్ల సమయానికి పళ్ళెం వరుసలన్నీ తిరిగి ఆమె దాకా వచ్చేది. ఆమె తల దించుకునేది. పళ్ళెం ఆమె మీదుగా దాటి, గోడ దగ్గర నిలబడ్డ నా దగ్గరికి వచ్చేది. నేను తీసుకునేవాణ్ణి. తర్వాత బొటనవేలంత గాజు కప్పుల ట్రే కూడా అలాగే దాటి వచ్చేది. ప్రతి ఆదివారం చున్నీ కప్పిన ఆమె తల చూస్తూ తాగేవాణ్ణి.

మూడో వారమో నాలుగో వారమో, ఆరాధనయ్యాక ఆంటీలు వంటగదిలో బిర్యానీ గిన్నెలు సర్దుకుంటుంటే ఆమె ఏం చెయ్యాలో తెలియక సింకు దగ్గర నిలబడింది. "నర్సింగ్ కదమ్మా, గాజు సామాను జాగ్రత్తగా కడుగుతావు," అని ఒకావిడ బల్ల కప్పుల ట్రేలు ఆమె ముందు పెట్టింది. అంతే, అది ఆమె పనైపోయింది. తర్వాత తర్వాత ఆరాధనకి ముందు కప్పుల్లో ద్రాక్షరసం పొయ్యడం కూడా ఆమెకే వచ్చింది. తనకి కాని కప్పులు నింపేది. అందరూ తాగాక కడిగేది. ఇది చూసి ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. నాకు అనిపించింది. తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి తప్ప నోరెత్తలేదు. అద్దెకి తీసుకున్నవాళ్ళ వ్యవహారాల్లో కేర్‌టేకర్ తల దూర్చకూడదని మా పనిలో ఒక నియమం. నియమాలు కొన్నిసార్లు ఎంత సుఖంగా ఉంటాయో.

కప్పులు కడిగేటప్పుడే ఆమె మాట్లాడేది. బ్లాక్‌టౌన్‌లో ఐదుగురు అమ్మాయిలతో ఒక ఇల్లు. ఐదుగురివీ ఐదు షిఫ్టులు. "ఒకే ఇంట్లో ఉంటాం అంకుల్, ఒకరి మొహం ఒకరు ఫ్రిజ్ మీద చీటీల్లో చూసుకుంటాం," అనేది. పనిచేసే చోట ఒక ముసలాయన ఈమెని తన కూతురనుకుని రోజూ మాట్లాడతాడట. "సిడ్నీలో నాతో ఎక్కువ మాట్లాడేది ఆయనే. అదీ నేననుకుని కాదు," అని నవ్వింది. నేను నవ్వలేదు.

"ఉత్తరం సంగతి ఏమైంది?" అని నెలకోసారి అడిగేవాణ్ణి. మొదట్లో వస్తుంది అంకుల్ అనేది. వేసవి పోయి చలికాలం వచ్చాక అసలు సంగతి చెప్పింది.

వాళ్ళ నాన్న గుడివాడ దగ్గర ఆర్టీసీ కండక్టరు. వాళ్ళ సంఘం కొత్త మందిరం కట్టినప్పుడు గుమ్మం పక్కన రాతి పలక మీద పెద్దల పేర్లు చెక్కించారు. ఈయన లేచి, దేవుడి మందిరానికి మనుషుల పేర్లెందుకని అడిగాడు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. ఆ రోజు భార్యాబిడ్డల్ని తీసుకుని బయటికొచ్చేశాడు, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కనన్నాడు. ఇప్పుడు కూతురి ఉత్తరం కోసం తల్లి వెళ్ళి అడిగితే, ఆయన వచ్చి సంఘం ముందు నిలబడి క్షమాపణ చెబితే ఇస్తామన్నారు.

"నాన్న చెప్పరు అంకుల్. నేను అడగను కూడా. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?"

"ఏమీ లేదు," అన్నాను. ఆ పెద్దల మీద, మా పెద్దల మీద, లోకంలో పెద్దలని పిలిపించుకునేవాళ్ళందరి మీదా నాకొచ్చిన కోపానికి ఆ రోజు రెండు కప్పులు పగిలాయి.

ఏడాది గడిచింది. మళ్ళీ ఈస్టర్ వచ్చింది, పోయింది. ఒక ఆదివారం కెజియా వంటగదిలోకి వచ్చి, కుళాయి తిప్పకుండా నిలబడింది.

"నాన్న వెళ్ళారు అంకుల్."

"ఎక్కడికి?"

"సంఘానికి. నిలబడి చెప్పారంట. అమ్మ ఫోన్లో చెప్పింది. నేనేమీ అనలేదు అంకుల్, నిజంగా. ఈస్టర్ రోజు బల్ల తీసుకున్నావా అని అడిగారు, లేదన్నాను, అంతే. ఆ తర్వాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారంట."

మూడు వారాలకి, ఒక గురువారం, పోస్టు డబ్బాలో ఆ కవరు వచ్చింది. ఇండియా స్టాంపులు, తెలుగు సంఘపు పెద్దలకు అని చిరునామా. ఆదివారం దాకా చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. ఎవరిదో పురుడు వార్త మోస్తున్నట్టుగా ఉంది నాకు.

మా సంఘపెద్ద దానియేలు గారు. పెద్ద ఉద్యోగం, మెత్తటి మనిషి. కారు దిగుతుండగానే ఎదురెళ్ళి కవరు చేతిలో పెట్టాను.

"ఏంటి బ్రదర్ ఇది?"

"కెజియా ఉత్తరమండీ. వచ్చింది."

"ఏం ఉత్తరం?"

"సిఫారసు ఉత్తరం. బల్లకి."

ఆయన కవరు చించకుండా అటూ ఇటూ తిప్పాడు. "అయ్యో, ఈ లెటర్లు అడగడం మనం ఎప్పుడో ఆపేశాం కదా బ్రదర్. స్టూడెంట్స్ సెమిస్టర్‌కో చోటికి మారుతుంటే ఎక్కడ తెస్తారు పాపం? నోటితో చెబితే చాలని బ్రదర్స్ మీటింగ్‌లో అనుకున్నాం. మీరు... ఆ, మీరు లేరు. అప్పుడు మేరీ సిస్టర్ గారు జబ్బుతో హాస్పిటల్లో ఉన్నారు కదా."

"మరి ఆ పిల్ల ఏడాది పైగా వెనక కూర్చుంటోంది?"

"బాప్తిస్మం కాలేదేమో అనుకున్నా. తల దించుకుంటుంది కదా. అడిగితే ప్రెషర్ పెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాం. ఈ జెనరేషన్ పిల్లలతో జాగ్రత్తగా ఉండాలి బ్రదర్." కవరు కోటు జేబులో పెట్టుకుని, నా భుజం తట్టి లోపలికెళ్ళాడు.

పధ్నాలుగు నెలలు. వాళ్ళు ఒక్కసారి కూడా ఆ పిల్లని నీ సంగతేంటమ్మా అని అడగనందుకు ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది వాళ్ళు కాదు. ఎవరూ అడగమనని ప్రశ్న తలుపు దగ్గర అడిగింది నేను. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె మొదటి ఆదివారమే మూడో వరుసలో కూర్చునేది, పళ్ళెం వచ్చేది, తీసుకునేది. గుడివాడ దగ్గర ఒక కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ గుమ్మం ఎక్కేవాడు కాదు.

ఆ రోజు దానియేలు గారు ఆమె పేరు చదివి సహవాసంలోకి ఆహ్వానించారు. ఆమె మూడో వరుసలో కూర్చుంది. తానే పోసిన కప్పు తానే తీసుకుంది. పళ్ళెం వెనక ఖాళీ వరుస దాటి నా దగ్గరికొచ్చింది. నేను తల దించుకున్నాను. పట్టుకొచ్చినతను కాసేపు ఆగి, వెళ్ళిపోయాడు.

వంటగదిలో ఆమె గలగలా మాట్లాడింది. నాన్నకి ఫోన్ చేస్తానంది, ఫోటో పంపుతానంది. నేను గుడ్డతో కప్పులు తుడుస్తూ ఊఁ కొట్టాను. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు, అందరూ సంతోషంగా ఉన్నారు అనుకున్నాను. రెండో ఆదివారమూ తల దించుకున్నాను. మూడో ఆదివారం ఆమె కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది.

"అంకుల్, మీరెందుకు తీసుకోవట్లేదు?"

"ఏదో మనసు బాగాలేదు."

"మూడు వారాలా? పోయిన ఏడాదంతా మీరు నా తల మీదుగా తీసుకున్నారు. చెప్పండి."

చెప్పాను. కారు దగ్గర మాటలు, మేరీ చెయ్యి, అంతా. సింకులో ఇంకా ఒక ట్రే కప్పులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, కడిగి, బోర్లించింది. అప్పుడు అంది.

"నాన్న మూడుసార్లు వెళ్ళారు అంకుల్. ఆ ఆదివారానికి ముందు, మామూలు రోజుల్లో వెళ్ళిన రెండుసార్లూ పెద్దలు లేరని పంపేశారు."

"నాకు తెలియదమ్మా."

"ఇది ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు."

"చెప్పొద్దు. నాన్న ఉన్నంతకాలం చెప్పొద్దు. ఆ ఉత్తరం వల్లే నేను లోపలికి వచ్చానని ఆయన అనుకోవాలి."

"నా మీద కోపం రాలేదా?"

"వస్తుంది," అంది, గోడ గడియారం చూసి. "ఇప్పుడు ట్రైన్ ఉంది."

వచ్చింది కూడా. తర్వాతి రెండు ఆదివారాలు వంటగదిలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గుడ్డ తీసుకుంటే ఇంకో గుడ్డ తీసుకుని తానే తుడుచుకుంది. నేను స్విచ్చుల దగ్గర నిలబడి, ఇంటికెళ్ళి, టీ పెట్టుకుని, చల్లారిపోయాక పారబోశాను. మేరీ పోయిన ఏడాది కూడా ఇల్లు అంత నిశ్శబ్దంగా లేదు. మూడో ఆదివారం ఆమె గుడ్డ నా చేతిలో పెట్టింది.

"మీరు తుడవండి. ఇంకో మాట. వచ్చే వారం నుంచి తల దించుకోకండి. వెనక తల దించుకునే పని నేను ఏడాది చేశాను. చాలు."

మరుసటి ఆదివారం పళ్ళెం వచ్చింది. తీసుకున్నాను.

ఆమె చదువు పూర్తయిన ఏడాది, పట్టా ఇచ్చే రోజుకి వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు. ఆదివారం మందిరానికి తీసుకొచ్చింది. ఆయన సన్నటి మనిషి, తెల్ల చొక్కా. ఆ ఎండలో మెడ దాకా గుండీ పెట్టుకుని ఉన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, సరిగ్గా జత చేసి పెట్టి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వందనాలు అన్నగారూ. మీ గురించి మా అమ్మాయి చెబుతూ ఉంటుంది. మొదటి రోజే ఉత్తరం సంగతి చెప్పి దారిలో పెట్టింది మీరేనంట. లేకపోతే తెలియని దేశంలో పిల్ల ఏమైపోయేదో. మీ మేలు మర్చిపోను."

ఆయన వెనక కెజియా నిలబడి ఉంది. నా మొహంలోకే చూస్తోంది. ఏమీ సైగ చెయ్యలేదు.

"వందనాలండీ," అన్నాను. "లోపలికి రండి, ముందు కూర్చోండి."

ఆయన చేతులు వెంటనే వదల్లేదు. నలభై ఏళ్ళు టిక్కెట్లు చింపిన చేతులు, వేళ్ళ చివర్లు గట్టిగా ఉన్నాయి. నా జీవితంలో ఏ తిట్టూ ఆ కృతజ్ఞత అంత గట్టిగా తగల్లేదు. దాన్ని కాదనే హక్కు కూడా నాకు లేకుండా పోయింది.

పోయిన సంవత్సరం ఆయన కాలం చేశారు. కెజియా ఇప్పుడు సిడ్నీకి ఆరు గంటల దూరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఫోన్ చేసి, ఇక రాసుకోండి అంకుల్ అంది. అందుకే రాశాను.

ఈ సంగతి నాకేం నేర్పిందని అడుగుతారు. పెద్దలనే వాళ్ళని తిడుతూ బతికిన నేను, వాళ్ళు వదిలేసిన పెత్తనాన్ని తలుపు దగ్గర నిలబడి జీతం లేకుండా చేశాను. నాకు తాళాలిచ్చింది తలుపులు తియ్యడానికి. ఆ తర్వాత అదే గుమ్మంలో చాలా ఏళ్ళు నిలబడ్డాను. కొత్తవాళ్ళెవరొచ్చినా చెప్పుల స్టాండు చూపించాను, లోపల ఫ్యాను కింద కూర్చోమన్నాను. అంతకు మించి నోరు తెరవలేదు.

నేను పని మానేసేటప్పుడు నా బదులు ఒక తెల్లతన్ని పెట్టారు. నలభై ఏళ్ళవాడు, మందిరాలకి వెళ్ళే అలవాటు లేనివాడు. మూడు గంటలు అన్నీ తిప్పి చూపించాను. అర్న్ ఎక్కడ దాచాలో, ఏ స్విచ్చు ఏ దీపానిదో, చివర్లో లాకప్, అంటే తలుపులూ కుళాయిలూ అన్నీ చూసుకుని తాళాలు వెయ్యడం, ఏ వరసలో చెయ్యాలో. తాళాల గుత్తి చేతిలో పెట్టి, వచ్చిన ఇంగ్లీషులో, తలుపు దగ్గర ఎవరినీ ఏమీ అడక్కు అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు. "నేనెందుకు అడుగుతాను?" అన్నాడు.